కె.వి. మహదేవన్ గారి పాటల్లో మాట ముందా, బాణీ ముందా? వింటే ఆ తేడా తెలుస్తుందా?

పల్లవి దగ్గర ఆగినవాడు

అందరికీ నమస్కారం. స్నేహితులు తీసే చిన్న చిత్రాలకు పాటలు రాస్తుంటాను. మా సంగీత దర్శకుడు నాతో కలిసి చదువుకున్నవాడే. కీబోర్డు మీద బాణీ కట్టి, "తాననా తననాన" అని పాడి ఫోనుకు పంపిస్తాడు. ఆ తాననాల గళ్ళలో నేను మాటలు నింపాలి, గళ్ళనుడికట్టు పూర్తి చేసినట్టు. నిండుతాయి కానీ, నేను చెప్పాలనుకున్నది సగం బయటే ఉండిపోతుంది.

ఈసారి ఎదురు తిరిగాను. ముందు పల్లవి రాసి ఇచ్చాను:

వాన వెలిసిన వీధి మలుపున
నీటి మడుగున నింగి మెరిసెను

వాడు బాణీ కట్టి పంపాడు. వింటే "వాన వెలిసి" ఒక చోట, "న వీధి" ఇంకో చోట పడ్డాయి. ఇదేమిటని అడిగితే, "నీ మాటలే కుదురుగా లేవు, అందుకే బాణీ ముందుండాలి అనేది" అన్నాడు.

మా నాన్నగారు మహదేవన్ గారి వీరాభిమాని. "కవి రాసిన పాటకే ఆయన బాణీ కట్టేవారు, నా బాణీకి మాటలు రాయండని కవిని అడిగే మనిషి కాదు" అంటారు. ఇది నిజమేనా, అభిమానులు అల్లిన కథా? నిజమైతే, చెప్పకుండా ఒక పాట వినిపిస్తే ఇది మాటకు కట్టిన బాణీ అని పట్టుకోగలమా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. మా వాడికి చూపించాలి.

---

ఆత్రేయ అభిమాని

కథ కాదండీ, నిజమే. ఆయనతో పనిచేసిన కవులూ గాయకులూ అందరూ చెప్పిన మాటే. పాట చేతికి వచ్చాక, దాన్ని కవి చేతనే చదివించుకుని, భావం అడిగి తెలుసుకుని, అప్పుడు హార్మోనియం ముందు కూర్చునేవారు.

ఇందులో విశేషం ఏమిటంటే ఆయన తెలుగువారు కారు. 1918లో నాగర్‌కోయిల్ దగ్గర కృష్ణన్‌కోయిల్‌లో పుట్టారు. చిన్నతనంలో నాటక కంపెనీల్లో తిరిగి, 1942లో తమిళ చిత్రం 'మనోన్మణి'తో సంగీత దర్శకుడయ్యారు. తెలుగులోకి 1958లో 'దొంగలున్నారు జాగ్రత్త'తో వచ్చారు. ఆదుర్తి సుబ్బారావు గారి 'మంచి మనసులు' (1962), 'మూగమనసులు' (1964) వచ్చాక ఇక మన మనిషే అయిపోయారు. పరిశ్రమలో చిన్నా పెద్దా అందరికీ 'మామ'.

ఈ పద్ధతి వల్ల నిర్మాతలు పడిన బాధ కూడా చెప్పాలి. పాట వస్తే గానీ బాణీ లేదు. ఆ పాట రాయాల్సింది ఆత్రేయ. "రాసి ప్రేక్షకులను, రాయక నిర్మాతలను ఏడిపిస్తాడు" అని ఆయన మీద మాట ఊరికే పుట్టలేదు. ఇలాంటి కవి, అలాంటి సంగీత దర్శకుడు ఒక చిత్రానికి కుదిరితే నిర్మాత పరిస్థితి ఊహించుకోండి!

---

డగ్గా మీద చెయ్యి

నేను విద్వాంసుణ్ణి కాను బాబూ. గోదావరి జిల్లాల్లో పెళ్ళిళ్ళకూ శ్రీరామనవమి పందిళ్ళకూ పాడే ఆర్కెస్ట్రాలో చాలా ఏళ్ళు తబలా వాయించినవాణ్ణి. రాగాల సంగతి వేరే పెద్దలు చెబుతారు. నాకు తెలిసింది మాత్రల లెక్క ఒక్కటే.

మా హార్మోనిస్టు పెద్దాయన కొత్త గాయకుణ్ణి వచ్చిన రోజే పాడనిచ్చేవారు కాదు. పాట రాసిన కాగితం చేతికిచ్చి "చదువు" అనేవారు. రాగం తీయకూడదు, ఎదుటివాడితో మాట్లాడుతున్నట్టు చదవాలి. నేను డగ్గా (తబలా జంటలో ఎడమచేతిది) అంచు మీద వేళ్ళతో మెల్లగా మాత్రలు కొడుతూ ఉండాలి. మాట ఎక్కడ సాగింది, ఎక్కడ తెగింది, కుర్రాడు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడు, ఇవన్నీ నా చెవిన పడ్డాకే పెద్దాయన హార్మోనియం బెల్లోస్ గొళ్ళెం తీసేవారు. కుర్రాళ్ళు లోపల విసుక్కునేవారు. సినిమా పాట పాడదామని వస్తే వాచకం చదివిస్తారేమిటని.

అలా ఎందరో సంగీత దర్శకుల పాటలు మా చేతుల మీదుగా వెళ్ళాయి. కొన్నిటికి చదివే నడక ఒకటి, పాడే నడక ఇంకొకటి. గాయకుడు చదివినదంతా మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. అవి చెడ్డ పాటలని కాదు, వాటి దారి అది. మహదేవన్ గారి పాటలకు ఆ మరిచిపోయే పని ఉండేది కాదు. చదువుతుండగానే సగం పాట వచ్చేసేది. కాబట్టి మీరు అడిగిన దానికి నా జవాబు: పట్టుకోవచ్చు, కానీ వినడానికి ముందు పాటను పైకి చదవాలి.

'మూగమనసులు'లో 'పాడుతా తీయగా చల్లగా' తీసుకోండి. ఆత్రేయ గారి రచన. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. 'పాడుతా' అయిదు, 'తీయగా' అయిదు, 'చల్లగా' అయిదు. మూడూ గురువు, లఘువు, గురువు. బడిలో చదువుకున్న రగణమే. పైగా ప్రతి మాటా దీర్ఘంతో ముగుస్తుంది, అంటే ప్రతి మాట చివరా గొంతు నిలబడటానికి చోటుంది. మనిషిని నిద్రపుచ్చే పాటలో తొందర ఉండకూడదు. ఆ నింపాదితనం మాటల్లోనే ఉంది. మహదేవన్ గారు దాన్ని పాడు చేయలేదు, దాని మీద ఇంకేదో గొప్పదనం రుద్దలేదు. ఘంటసాల గారు ఆ మూడు దీర్ఘాల మీద ఎలా ఆగారో వినండి. తర్వాతి పాదంలో 'పసిపాపలా నిదురపో తల్లిగా' అని వస్తుంది. మొదట ఉన్న 'పసి' అనే రెండు లఘువులు పక్కన పెడితే మిగిలింది మళ్ళీ అయిదు, అయిదు, అయిదు. ఆ రెండక్షరాలు ఎత్తుగడ, అంటే తాళం దెబ్బకు ముందే అందుకునేవి. తబలా వాయించేవాడు ఆ చోట ఏమరుపాటుగా ఉంటే పాట చేయి జారిపోతుంది.

నాకు ఇంతకంటే ఇష్టమైనది ఇంకొకటి ఉంది. 'ముత్యాల ముగ్గు' (1975)లో సుశీల గారు పాడిన 'నిదురించే తోటలోకి'. రాసింది గుంటూరు శేషేంద్ర శర్మ గారు. ఆయన సినిమా కవి కారు, సినిమాకు ఆయన పాట అదొక్కటే. కాగితం మీద చూస్తే మామూలు వాక్యంలాగే ఉంటుంది, తాళానికి లొంగే పాటలా కనిపించదు. మొదటిసారి చూసినప్పుడు ఇది వచన కవిత్వం కదా, దీనికి తబలా మీద ఏ ఠేకా (తాళం దెబ్బల వరుస) వేస్తామనుకున్నాను. తీరా లెక్క వేస్తే 'నిదురించే' ఆరు, 'తోటలోకి' ఆరు, 'పాట ఒకటి' ఆరు, 'వచ్చింది' అయిదు, చివర ఊపిరికి ఒకటి. దాని కింద పాదం: 'కన్నుల్లో' ఆరు, 'నీరు తుడిచి' ఆరు, 'కమ్మటి కల' ఆరు, 'ఇచ్చింది' మళ్ళీ అయిదు. నమ్మకం లేకపోతే డగ్గా కూడా అక్కరలేదు, బల్ల మీద "ధా ధిన్ నా, ధా తిన్ నా" అని ఆరు మాత్రల దాదరా తాళం వేస్తూ చదివి చూడండి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అన్నీ ఆరు మాత్రలే కానీ లోపలి అమరిక వేరు. 'నిదురించే'లో రెండు లఘువులు, ఆ తర్వాత రెండు గురువులు. 'తోటలోకి'లో గురువు, లఘువు, మళ్ళీ గురువు, లఘువు. 'పాట ఒకటి'లో ఒక్క గురువు వెనక వరుసగా నాలుగు లఘువులు. 'కన్నుల్లో' మూడూ గురువులే. బాణీ ముందే కట్టి ఇస్తే, ఏ స్వరం పొడుగో ఏది పొట్టో అందులోనే స్థిరపడిపోతుంది. కవి అన్ని పాదాలూ ఒకే అచ్చులో పోయాలి. ఇక్కడ కవి తనకు తోచిన మాట వాడాడు, సంగీత దర్శకుడు ఆ మాటల వెంట నడిచాడు. మాట ముందు పుట్టిందని నాకు తెలిసేది ఇలాంటి చోటనే.

పండితులు నవ్వుకోరంటే ఇంకో మాట. 'అడవి రాముడు' (1977)లో వేటూరి గారి 'ఆరేసుకోబోయి పారేసుకున్నాను' కూడా చదవండి. ఆరేసు, కోబోయి, పారేసు, కున్నాను. వరుసగా నాలుగు తగణాలు (గురువు, గురువు, లఘువు)! హాలులో ఈలలు వేసే కుర్రాళ్ళకు ఆ సంగతి తెలియాల్సిన పనిలేదు, కాళ్ళు మాత్రం వాటంతటవే ఆడాయి. అది రాసిన వేటూరి, దానికి బాణీ కట్టిన మహదేవన్, ఆ ఇద్దరే మూడేళ్ళు తిరక్కుండా 'శంకరాభరణం' పాటలు చేశారు. ఒకటి బజారుదనీ ఇంకొకటి పవిత్రమనీ వేరుచేసి మాట్లాడేవాళ్ళతో నాకు పేచీ. రెండిటిలోనూ మాటను గౌరవించిన చెయ్యి ఒక్కటే.

---

రాగమాలిక

పై పెద్దాయన చెప్పిన మాత్రల లెక్క నచ్చింది. కానీ ఈ చర్చలో ఒక ప్రమాదం కనిపిస్తోంది. మాటకు బాణీ కడితే సాహిత్యానికి గౌరవం, బాణీకి మాట రాస్తే అవమానం అన్నట్టు తయారవుతుంది. ఇళయరాజా గారు ఎక్కువగా బాణీ ముందిచ్చేవారు. 'సాగర సంగమం' పాటలకు 1983 సంవత్సరానికి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. అక్కడా కవి వేటూరి గారే. ఆ పాటల్లో సాహిత్యం చచ్చిపోయిందని ఎవరైనా అనగలరా? సత్తా ఉన్న కవి రెండు దారుల్లోనూ నడుస్తాడు. ప్రశ్న అడిగిన తమ్ముడు తన స్నేహితుడితో దెబ్బలాటకు ఇదొక ఆయుధంగా వాడుకోకూడదని నా మనవి.

మహదేవన్ గారి పద్ధతి గురించి రాగాల వైపునుంచి కొంచెం. 'శంకరాభరణం'లో వేటూరి గారు రెండు చోట్ల త్యాగరాజ స్వామి ఎత్తుగడలను తీసుకున్నారు: 'దొరకునా ఇటువంటి సేవ', 'సామజవరగమనా'. మొదటిది త్యాగరాజ కృతిగా బిలహరి, రెండోది హిందోళం. మహదేవన్ గారు కొత్తదనం కోసం రాగాలు మార్చలేదు. ఆ మాట వినగానే తెలుగువాడి చెవిలో ఏ రాగం మోగుతుందో ఆ రాగంలోనే మొదలుపెట్టి, అక్కడినుంచి తన దారి తాను వేసుకున్నారు. మాటకు ఉన్న జ్ఞాపకాన్ని కూడా సాహిత్యంలో భాగంగానే లెక్కవేశారన్నమాట. 'శంకరా నాదశరీరా పరా' మధ్యమావతి. కచేరీని మంగళంగా ముగించే రాగంతో అంత ఉద్ధృతమైన పాట కట్టడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకొక పేరు ఎవరూ ఎత్తకపోవడం బాధగా ఉంది. పుహళేంది. మహదేవన్ గారి చిత్రాల పేర్ల వరుసలో సహాయకుడిగా కనిపించే పేరు. ఊరు తిరువనంతపురం. మామ నోట బాణీ రాగానే దాన్ని స్వరాలుగా రాసుకోవడం, వాద్యాలు కూర్చడం, గాయకులకు నేర్పడం ఆయన పని. 'శంకరాభరణం' నాటికి బాలు గారికి శాస్త్రీయ సంగీతంలో శిక్షణ లేదు. ఆ పాటలు ముందు బాలమురళీకృష్ణ గారి చేత పాడిద్దామనుకున్నారు. బాలు పాడగలడని పట్టుబట్టి, దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది పుహళేంది గారేనని బాలు గారే ఎన్నో వేదికల మీద చెప్పారు. ఆ చిత్రానికి మహదేవన్ గారికీ, బాలు గారికీ, వాణీ జయరామ్ గారికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. మహదేవన్ గారికి అది రెండోది. మొదటిది తమిళ 'కందన్ కరుణై'కి. ఉత్తమ సంగీత దర్శకుడి పురస్కారాన్ని 1967 చిత్రాలకు మొదటిసారి ఇచ్చినప్పుడు అందుకున్నది ఆయనే.

---

ఆత్రేయ అభిమాని

రాగమాలిక గారూ, పుహళేంది గారి పేరు తెచ్చినందుకు సంతోషం. మాట ముందుండటం వల్ల కొత్త కవులకు జరిగిన మేలు కూడా ఒకటి చెప్పాలి. 'సిరివెన్నెల' (1986)లో సీతారామశాస్త్రి గారు పరిశ్రమకు కొత్త. 'విధాత తలపున ప్రభవించినది' లాంటి పల్లవిని బాణీ లెక్కలకు కుదించమని అడిగి ఉంటే ఏమయ్యేదో! ఆ చిత్రంలో వేణువు హరిప్రసాద్ చౌరాసియా గారిది. అంతటి వాద్యం పక్కనున్నా మాట మరుగున పడలేదు. మరుసటి ఏడు 'శ్రుతిలయలు'లో 'తెలవారదేమో స్వామీ' వచ్చింది. అది అన్నమాచార్య కీర్తన అనుకుని నంది పురస్కారానికి పక్కన పెట్టబోయారని, తర్వాత సంగతి తెలిసి శాస్త్రి గారికే ఇచ్చారని అందరూ ఎరిగిన ముచ్చటే. పాట అంత పాతదిగా వినిపించిందంటే అందులో బాణీకీ సగం వాటా ఉంది.

---

పల్లవి దగ్గర ఆగినవాడు

అందరికీ ధన్యవాదాలు. రాగమాలిక గారూ, దెబ్బలాట మానేశాను, సరేనా?

తబలా మాస్టారూ, మీరు చెప్పినట్టు నా పల్లవినీ లెక్కపెట్టాను. 'వాన' మూడు, 'వెలిసిన' నాలుగు. 'వీధి' మూడు, 'మలుపున' నాలుగు. 'నీటి' మూడు, 'మడుగున' నాలుగు. 'నింగి' మూడు, 'మెరిసెను' నాలుగు. నేను ఏమీ అనుకోకుండా రాసింది ఇంత వరుసగా ఎలా వచ్చింది? మావాడు కట్టింది నాలుగు మాత్రల నడకలో. ఇప్పుడు తప్పు ఎవరిది? బాణీ మార్చమనాలా, నేను మాటలు మార్చుకోవాలా?

---

డగ్గా మీద చెయ్యి

ఇందులో తప్పెవరిదీ లేదు. మీరు ఏడులో మాట్లాడితే ఆయన నాలుగులో విన్నాడు, అంతే.

మూడు, నాలుగు కలిస్తే మిశ్రగతి. గురజాడ వారి ముత్యాల సరం నడక అదే. చిన్నప్పటినుంచి చెవిలో ఉన్నది కనుక మీకు తెలియకుండానే వచ్చి ఉంటుంది. తబలాలో దీనికి రూపక్ తాళం ఉంది, ఏడు మాత్రలు: "తిన్ తిన్ నా, ధిన్ నా ధిన్ నా". 'వాన' అన్నప్పుడు "తిన్ తిన్ నా", 'వెలిసిన' అన్నప్పుడు "ధిన్ నా ధిన్ నా". చదివి చూడండి, ఎక్కడా ఒక్క అక్షరం కూడా విరగదు.

ఇక మాటలు మార్చడం అంటారా, అదీ చేయవచ్చు. ప్రతి మూడుకూ ఒక మాత్ర కలిపితే నాలుగులో పడుతుంది: 'వానలు వెలిసిన వీధుల మలుపున'. లెక్కకు సరిపోయింది. కానీ ఏం పోయిందో చూడండి. మీ పల్లవిలో వెలిసింది ఒక వాన, అది ఒక వీధి. ఎవరో ఒక మనిషి అక్కడ నిలబడి ఉన్నాడని తెలుస్తోంది. ఇప్పుడు ఎన్నో వానలు, ఎన్నో వీధులు, మనిషి ఎక్కడున్నాడో తెలియదు. ఒక్క మాత్ర కోసం ఆ మనిషిని వదులుకుంటారా అన్నది మీరు తేల్చుకోవాలి. నేనైతే వదలను.

మీ స్నేహితుడితో కూర్చున్నప్పుడు ముందుగా ఆ కీబోర్డులో తాళం మీట ఆపేయమనండి. దానంతటది నాలుగు కొడుతుంటే ఎంతటివాడికైనా ఏడు వినబడదు. చరణం రాశాక ఇక్కడ పెట్టండి, చూద్దాం. చరణంలోనూ ఏడే ఉండాలని నియమం ఏమీ లేదు, నడక మార్చుకోవచ్చు. కాకపోతే ఫోనులో అక్షరాలు పంపి ఊరుకోవద్దు. ఎదురుగా కూర్చుని మీరే చదివి వినిపించండి, రెండుసార్లు.